ఖాతాలో పడే పైసలు: ఇంట్లో ఏం మారుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

పింఛన్, గ్యాస్ రాయితీ, కల్యాణలక్ష్మి, తెలిసినవాళ్లు చేసే సాయం... నేరుగా చేతికో ఖాతాకో వచ్చే డబ్బు గురించి హైదరాబాద్ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే రకమైనవాటిని కలిపేశాం. కిరాయిలు, కిరాణా ధరలు బస్తీని బట్టి అటూఇటూ అవుతాయి కాబట్టి మా అంకెల బదులు మీ ఇంటి అంకెలు వేసి చూసుకోండి.

ప్రశ్న: మా ఆయన పోయి మూడేళ్లయింది. నెలకు 2,016 రూపాయల వితంతు పింఛన్ వస్తది. ఇద్దరు పిల్లలు. నాలుగిళ్లల్ల పని చేస్తే తొమ్మిది వేలు. కిరాయే నాలుగున్నర వేలు. పింఛన్ పైసలు ఎటు పోతున్నయో తెలుస్తలేదు. "ఆ రెండు వేలతోటి ఏమైతది వదినా" అంటడు మా మరిది. నిజంగనే ఏమీ కాదా?
– ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: అవుతుందమ్మా. కిరాయి కట్టాక మీ చేతిలో మిగిలేది 4,500. దానికి 2,016 కలిస్తే 6,516. తిండికి, మందులకు, పిల్లల బడికి మీరు తీయగలిగే డబ్బు దాదాపు సగం మేర పెరిగినట్టు. మీ మరిది మొత్తం సంసారం ఖర్చుతో పోల్చి చూస్తున్నారు కాబట్టి ఆయనకు చిన్నగా కనబడుతోంది. కిరాయి పోగా మిగిలినదానితో పోల్చి చూడమనండి.

ఎటు పోతోందో పట్టుకోవాలంటే ముందు ఉద్దెర చూడండి. పది రూపాయల పప్పు, ఇరవై రూపాయల నూనె అని రోజూ రాయించుకుంటే కిలో లెక్కన ఎక్కువ పడుతుంది. పైగా బాకీ ఉన్న దుకాణంలో రేటు గట్టిగా అడగలేం, తూకం మీద మాట్లాడలేం, పక్క దుకాణానికి పోలేం. రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల చొప్పున మీ ముగ్గురికి 18 కిలోల సన్నబియ్యం వస్తాయి. నగదు పెట్టి కొనాల్సినవి ముఖ్యంగా పప్పు, నూనె, గుడ్లు, పాలు. పింఛన్ తీసిన రోజే రెండు కిలోల కందిపప్పు, మూడు నూనె ప్యాకెట్లు, ఒక ట్రే గుడ్లు తెచ్చి పెట్టుకుంటే సుమారు వెయ్యి రూపాయలు. నెలలో సగానికి పైగా ఉద్దెర పుస్తకం తెరవక్కర్లేదు. డబ్బు "కనబడకుండా పోయింది" అని మీరనుకుంటున్నదాంట్లో చాలా భాగం పిల్లల కంచంలోకే పోయి ఉంటుంది. దాన్ని వృథా అనుకోకండి.

తర్వాత చూడాల్సింది గిరిగిరి. పది వేలని రాసుకుని చేతికి తొమ్మిది వేలిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే ఫైనాన్స్. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నారు కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. అలా చూస్తే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ. చేతికి 8,500 మాత్రమే ఇస్తే అది నూటికి పది దగ్గరికి పోతుంది. ఇలాంటి బాకీ నడుస్తుంటే పింఛన్ తెచ్చి ముందే తీర్చేద్దామని తొందరపడకండి. ముందు కట్టినా చాలామంది పైసా తగ్గించరు, పది వేలూ లాగుతారు. తగ్గిస్తానని ముందే ఒప్పుకుంటేనే కట్టండి. లేదంటే దాని వంద రోజులు దాన్ని నడవనిచ్చి, ఆలోగా పింఛన్‌లోంచి పక్కకు తీసిపెట్టి, రెండో గిరిగిరి ఎత్తకుండా ఆగండి. మీకు లాభం వచ్చేది అక్కడే.

పింఛన్ ప్రతి నెలా ఒకే తేదీన పడదు. ఒక నెల మొదటి వారం, ఇంకో నెల చివరి వారం. దాన్ని నమ్ముకుని ఈ నెల కిరాయికి మాట ఇస్తే, పడని రోజున మళ్లీ అప్పు. అందుకని నాలుగు నెలల పాటు పింఛన్‌లోంచి 500 చొప్పున తీయకుండా ఖాతాలోనే ఉంచండి. రెండు వేలవుతుంది. అప్పటి నుంచి ఈ నెల పడిన పింఛన్ వచ్చే నెల ఖర్చుకు. ఆలస్యమైనా ఇల్లు నడుస్తుంది. నాలుగు నెలలు కష్టంగానే ఉంటుంది. బడులు తెరిచే జూన్‌లో కాకుండా దీపావళి దాటాక మొదలుపెట్టండి.

ప్రశ్న: మేమిద్దరం రిటైరైన టీచర్లం. మా ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్న ఆవిడ కుటుంబానికి, జీతం కాకుండా, ఏడాదికి 30,000 ఇవ్వగలం. సరుకులు కొనివ్వడమా, పాప ఫీజు మేమే కట్టడమా, డబ్బు చేతికివ్వడమా? డబ్బిస్తే తాగుడికి పోతుందని మా బంధువుల భయం. నెలనెలా మంచిదా, ఒక్కసారా?
– దంపతులు, పద్మారావునగర్

జవాబు: డబ్బే ఇవ్వండి. తాగుడి భయాన్ని చాలా దేశాల్లో లెక్కగట్టి చూశారు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా 19 అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే, నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు చెప్పుకోదగ్గంత పెరిగిన దాఖలా దాదాపు ఎక్కడా లేదు. మన దేశంలోనే 'సేవా' మహిళా సంఘం 2011లో ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో వంద పేద కుటుంబాలకు రేషన్ బదులు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చి చూసింది. అక్కడా తాగుడు పెరగలేదు. అదే సంస్థ మధ్యప్రదేశ్ పల్లెల్లో ఇంటింటా నెలకు పెద్దలకు 200, పిల్లలకు 100 చొప్పున మొదలుపెట్టి, తర్వాత 300, 150కి పెంచి, ఏ షరతూ లేకుండా ఇచ్చింది. పిల్లల తిండి మెరుగైంది, ఆడపిల్లలు బడికి పోవడం పెరిగింది, కూలి మానేస్తారనుకుంటే సొంత పని పెట్టుకున్నవాళ్లు పెరిగారు. ఇవన్నీ సగటు లెక్కలు. ఫలానా ఇంట్లో తాగుడు ఉంటే ఉంటుంది, ఆ సంగతి కింద ఇంకో ప్రశ్నలో చెప్పాం.

సరుకుల సంగతి. రేషన్ బియ్యం ఉన్న ఇంటికి మీరు ఇంకో బస్తా బియ్యం ఇస్తే ఆవిడ దాన్ని తక్కువకు అమ్మి మందులు కొంటుంది. మీరు పెట్టిన ఖర్చులో కొంత దారిలోనే పోయింది. ఆ ఇంటికి ఈ నెల ఏది తక్కువైందో మీకంటే ఆవిడకే బాగా తెలుసు. బస్తీ దవాఖానాలో డాక్టరు, మందులు ఉచితమే. కానీ పాపకు జ్వరమొస్తే పోయిన రెండు రోజుల పని, పెద్దాసుపత్రికి ఆటో, బయట కొనాల్సిన ఒక సిరప్... వీటికి ఏ పథకమూ లేదు. ఆ ఖాళీలను నింపేది చేతిలో నగదు మాత్రమే.

నెలనెలానా, ఒక్కసారా అన్నదానికి కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ పంచిన డబ్బు మీద జరిగిన అధ్యయనాలు పనికొస్తాయి. నెలనెలా అందుకున్న కుటుంబాల్లో తిండికి లోటు తగ్గింది. ఒక్కసారి అందుకున్నవాళ్లు ఇంటిమీద రేకులు వేసుకోవడం వంటి పెద్ద పనులు చేసుకున్నారు, చిన్న వ్యాపారాలు పెట్టారు. ఏళ్ల తరబడి నెలనెలా వస్తుందని గట్టి నమ్మకం ఉన్నవాళ్లు మన చిట్టీల్లాంటివే కట్టుకుని, ఆ చిన్న మొత్తాలను వంతులవారీగా పెద్ద మొత్తం చేసుకున్నారు. అంటే రెండూ కావాలి.

మీ 30,000ను ఇలా విడగొట్టండి: నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000, మే నెల ఆఖరి వారంలో ఒకేసారి 12,000. మన దగ్గర బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఫీజు మొదటి కంతు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, ఆటో అడ్వాన్సు అన్నీ ఆ రెండు వారాల్లోనే మీద పడతాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చే నెల అదే. జూన్ ఆఖర్లో ఇస్తే ఆ పన్నెండు వేలు అప్పుకు పోతాయి, మేలో ఇస్తే అప్పే పుట్టదు. ముస్లిం కుటుంబమైతే రంజాన్ ముందు కొంత కావాలేమో అడగండి. భర్త అడ్డా మీద నిలబడే మేస్త్రీ పనివాడైతే జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలకు పని సగం దొరకదు, ఆ మూడు నెలలు 2,500 చేసి మిగతా తొమ్మిది నెలల్లో తగ్గించవచ్చు. ఏది కావాలో ఆవిడనే అడగండి. "మీరెంతిచ్చినా పర్లేదమ్మా" అంటుంది మొహమాటానికి. "మేలోనా, వానాకాలంలోనా, ఎప్పుడు ఎక్కువ కావాలి?" అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

తేదీ మాత్రం తప్పొద్దు. ఐదో తేదీ అంటే ఐదో తేదీ. ఊరెళ్తే ముందే ఇచ్చి వెళ్లండి. తేదీ మీద నమ్మకం కుదిరిన డబ్బుకు ఆవిడ చిట్టీ కట్టగలదు, కిరాయికి మాట ఇవ్వగలదు. నమ్మకం లేని డబ్బు వచ్చిన రోజే ఖర్చవుతుంది.

ఇలాంటి సాయం ఎక్కువగా చెడేది ఇచ్చేవాళ్ల వైపు నుంచే. సాయం మొదలయ్యాక జీతం పెంచడం ఆపేస్తారు. పండక్కి ఇచ్చేది మానేస్తారు. "ఆదివారం కూడా కాస్త రా" అంటారు, ఆవిడ కాదనలేదు. అప్పుడది సాయం కాదు, చెప్పని జీతం. అందుకే మొదటి రోజే మీరిద్దరూ ఆవిడను కూర్చోబెట్టి చెప్పండి: ఇది జీతంలో కలవదు, తిరిగి ఇవ్వక్కర్లేదు, పని మానేసినా ఈ ఏడాది దాకా ఆగదు. మాట చెప్పాక లెక్క అడగొద్దు. ఎన్నాళ్లు ఇవ్వగలరో కూడా ముందే చెప్పండి. ఆపాల్సి వస్తే కనీసం ఆరు నెలల ముందు చెప్పండి, కట్టే చిట్టీ మధ్యలో తెగకుండా.

ఫోన్‌పే, గూగుల్ పే చేసేముందు ఆ నంబరు ఎవరి ఖాతాకు తగిలించి ఉందో అడగండి. చాలా ఇళ్లలో అది కొడుకుదో భర్తదో అవుతుంది. ఆవిడ ఖాతా మీద ఏదైనా అప్పు కంతు ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా రాసిచ్చి ఉంటే, మీరు వేసిన డబ్బు కంతుకో బౌన్స్ చార్జీకో పోతుంది. అలాంటప్పుడు కవర్లో పెట్టి చేతికివ్వడమే మేలు.

ప్రశ్న: సిలిండర్ తెచ్చినప్పుడల్లా పూర్తి ధర కడుతున్నాం. 500 పోగా మిగతాది ఖాతాలో పడాలట. పక్కింటివాళ్లకు పడుతోంది, మాకు ఒక్కసారీ లేదు. ఏజెన్సీలో అడిగితే బ్యాంకుకు, బ్యాంకులో అడిగితే మీసేవకు పొమ్మంటున్నారు. ఖాతాకు ఆధార్ ఎక్కించే ఉంది. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, జగద్గిరిగుట్ట

జవాబు: ముందు అర్హత చూసుకోండి, సగం చిక్కులు అక్కడే తేలిపోతాయి. రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద 500 సిలిండర్‌కు రేషన్ కార్డు ఉండాలి, ప్రజాపాలన దరఖాస్తులో గ్యాస్ కోసం అడిగి ఉండాలి, కనెక్షన్ వాడకంలో ఉండాలి. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ అన్నది మీ ఇంటి గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. మూడేళ్లలో ఏటా నాలుగే తీసుకుని ఉంటే ఐదో దానికి రాదు. కనెక్షన్ మీ నాన్నగారి పేర ఉండి, రేషన్ కార్డు మీ భార్య పేర వేరుగా ఉంటే రెండు జాబితాలూ కలవవు. అలాంటప్పుడు ఏజెన్సీలో కనెక్షన్ పేరు మార్పించుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే చిక్కు ఖాతా దగ్గరే. ఖాతాకు ఆధార్ నంబరు ఎక్కించడం ఒకటి. ప్రభుత్వం పంపే డబ్బు ఆ ఖాతాకే రావాలని, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పట్టికలో నమోదవడం (సీడింగ్) వేరొకటి. మీకు నాలుగు ఖాతాలుండి నాలుగింటికీ ఆధార్ ఎక్కించి ఉండవచ్చు. ఆ పట్టికలో మాత్రం ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా ఏ బ్యాంకు నమోదు చేస్తే అదే. ఫోనులో నిమిషాల్లో తెరిచిన ఏదో పేమెంట్స్ బ్యాంకు ఖాతా మీకు తెలియకుండానే ఆ స్థానంలో కూర్చుని ఉండవచ్చు. డబ్బు రాలేదనుకున్న చాలామందికి అది వాళ్లు మరిచిపోయిన ఖాతాలో నెలనెలా పోగవుతూనే ఉంటుంది.

మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూడండి. బ్యాంకు పేరు, నమోదైన తేదీ, యాక్టివ్‌గా ఉందా లేదా కనబడతాయి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడూ మీ చేతిలో ఉండాలి. నంబరు మారిందంటే ముందు ఆధార్ కేంద్రంలో అది మార్పించుకోండి. అక్కడ కనబడిన బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించండి, డబ్బు అక్కడే ఉండవచ్చు. ఖాతా మార్చుకోవాలంటే మీకు కావాల్సిన బ్యాంకు శాఖలోనే ఆధార్ సీడింగ్ ఫారం నింపాలి. అందులో "ఇప్పటికే వేరే బ్యాంకులో ఉంది, ఇక్కడికి మార్చండి" అన్న గడిలో టిక్ పెట్టి పాత బ్యాంకు పేరు రాయాలి. ఈ గడి ఖాళీగా వదిలేస్తే ఫారం తీసుకుంటారు గానీ పని జరగదు. ఫారం ఇచ్చినట్టు ముద్ర వేసిన రసీదు తీసుకుని, కొన్ని రోజులాగి మళ్లీ అదే వెబ్‌సైట్‌లో చూడండి. ఈ పని మీసేవలో జరగదు, బ్యాంకుదే బాధ్యత.

సీడింగ్ సరిగ్గా ఉన్నా డబ్బు వెనక్కి పోయే కారణాలు ఇంకొన్ని ఉన్నాయి. ఆధార్‌లో "కె. లక్ష్మి", ఖాతాలో ఇంటిపేరు పూర్తిగా, రేషన్ కార్డులో పుట్టింటి పేరు ఉంటే పరిశీలనలో ఆగుతుంది. మూడింటిలోనూ ఆధార్ ప్రకారం మార్పించండి. పాత ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో కలిశాయి. ఇప్పటికీ ఆ పాత పాస్‌బుక్ జిరాక్సులే దరఖాస్తుకు జతచేస్తున్నారు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ మీద ఆధారపడి పంపే డబ్బు అప్పుడు దారి తప్పుతుంది. కొత్త పాస్‌బుక్ తీసుకోండి. జన్‌ధన్ మొదలైన 2014లో తెరిచిన ఖాతాలకు పదేళ్లు దాటాయి కాబట్టి గుర్తింపు వివరాలు మళ్లీ ఇమ్మని (రీ-కేవైసీ) అడుగుతున్నారు. అది పెండింగులో ఉంటే డబ్బు పడినా తీయడానికి ఇబ్బంది. రెండేళ్లు మీవైపు నుంచి ఏ లావాదేవీ లేని ఖాతాను నిద్రాణం చేస్తారు. తిరిగి తెరిపించడానికి బ్యాంకు చార్జీ వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో చెప్పింది. అడిగితే ఆ మాట చెప్పండి.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఎలా పెట్టాలో 14448కు ఫోన్ చేసి కనుక్కోండి. అర్హత విషయమైతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెట్టండి. సీడింగ్ స్టేటస్ ప్రింటు జతచేస్తే "బ్యాంకుకు పో" అని తిప్పి పంపలేరు.

ప్రశ్న: అమ్మ పింఛన్ మా గల్లీలోని బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి తీస్తాం. ప్రతిసారీ 50 రూపాయలు పట్టుకుంటాడు. పోయిన నెల రెండుసార్లు "ఫెయిల్" అని మూడోసారి ఇచ్చాడు. ఖాతాలో రెండుసార్లు కట్ అయినట్టుంది.
– ఒక పాఠకురాలు, అడ్డగుట్ట

జవాబు: ఆ యాభై ఇవ్వక్కర్లేదు. ప్రతి లావాదేవీకి అతనికి బ్యాంకు కమిషన్ ఇస్తుంది. మీ చేతి నుంచి నోటు తీసుకునే హక్కు అతనికి లేదు. అయినా గల్లీలో ఉన్నది అతనొక్కడే, గొడవ పెట్టుకుంటే రేపు "సర్వర్ లేదు" అంటాడన్న భయం మాకు తెలుసు. నెలకోసారే కదా, రెండు మూడు నెలలు బ్యాంకు శాఖలోనే తీసి చూడండి. నడవలేని పెద్దవాళ్లయితే రూపే కార్డు, పిన్ తీసుకుని మీరు తోడుండి ఏటీఎంలో తీయడం మేలు.

"ఫెయిల్" విషయంలో వెంటనే కదలండి. పాస్‌బుక్ ప్రింట్ వేయించి, ఒకే రోజు రెండు కోతలు ఉన్నాయేమో చూడండి. సాంకేతిక లోపంతో మైక్రో ఏటీఎంలో (బ్యాంకు మిత్ర దగ్గర ఉండే చేతి మిషన్) డబ్బు కట్ అయి చేతికి రాకపోతే, బ్యాంకు తనంతట తానే ఐదు రోజుల్లోగా తిరిగి వేయాలి. దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం, ఇది 2019 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. ఐదు రోజులు దాటినా రాకపోతే లోపం కాకపోవచ్చు, అతను డబ్బు తీసుకుని ఫెయిల్ అని చెప్పి ఉండవచ్చు. అప్పుడు బ్యాంకులో రాతపూర్వక ఫిర్యాదుతో పాటు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పండి. అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు తెలిపితే మీ మీద నష్టం పడే అవకాశం బాగా తగ్గుతుంది, అందుకే ప్రతి నెలా ప్రింట్ చూడడం ముఖ్యం.

ఇకమీద వేలు పెట్టేముందు మిషన్ మీద అంకె చదవండి. విఫలమైనా సరే, కాగితం రసీదు ఇచ్చాకే రెండోసారి వేలు పెట్టండి. అమ్మ ఫోన్ నంబరే ఖాతాకు ఉండేలా చూసి ఎస్ఎంఎస్ వచ్చాక లేవండి. ఆధార్ యాప్‌లో వేలిముద్రల తాళం వేసే సదుపాయం ఉంది. డబ్బు తీసే ముందు తెరిచి, మిగతా రోజులు మూసి ఉంచితే నకిలీ వేలిముద్రల భయం ఉండదు. తాళం వేసిన సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి, రేషన్ దుకాణంలోనూ వేలిముద్ర పనిచేయదు మరి.

ప్రశ్న: వచ్చే మాఘంలో అమ్మాయి పెళ్లి. కల్యాణలక్ష్మి కింద 1,00,116 వస్తుంది కదా అని మూడు రూపాయల వడ్డీకి లక్ష తెద్దామనుకుంటున్నాం. చెక్కు రాగానే కట్టేస్తాం. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, సైదాబాద్

జవాబు: వద్దు తల్లీ. లక్షకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000. దరఖాస్తు, తహసీల్దార్ పరిశీలన, ఎమ్మెల్యే ఆమోదం, నిధుల విడుదల, చెక్కు పంపిణీ... ఇవన్నీ అయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఎనిమిది నెలలు పడితే 24,000 వడ్డీకే. ప్రభుత్వం ఇచ్చిన దాంట్లో నాలుగో వంతు వడ్డీవ్యాపారికి పోయినట్టు. కల్యాణలక్ష్మిని పెళ్లి ఖర్చుకని లెక్కలోకి తీసుకోకండి. పెళ్లయ్యాక వచ్చే డబ్బని అనుకుని, చేతిలో ఉన్నంతలో పెళ్లి చేయండి. అప్పు తప్పనిసరైతే ఇంట్లో ఉన్న బంగారం మీద బ్యాంకులో తీసుకోండి. నెలకు నూటికి రూపాయి లోపే పడుతుంది.

కాగితాలు ఇప్పటి నుంచే సరిచేయండి. అమ్మాయికి పెళ్లి నాటికి 18 నిండినట్టు రుజువు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, వధూవరుల ఆధార్, శుభలేఖ, పెళ్లి ఫొటో, మీ పాస్‌బుక్ కావాలి. నగరంలో ఏడాది ఆదాయం రెండు లక్షలు దాటకూడదు. చెక్కు వధువు తల్లి పేర, అంటే మీ పేర వస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని ఇబ్బంది ఒకటుంది. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన 'చిన్న ఖాతా'లో ఒకేసారి 50,000కు మించి నిల్వ ఉండకూడదు, ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు. 1,00,116 చెక్కు అందులో వేస్తే ఆగిపోతుంది. ముందే బ్యాంకుకు వెళ్లి ఆధార్, పాన్ ఇచ్చి మామూలు ఖాతాగా మార్పించండి. పాన్ లేకపోతే దాని బదులు నింపే ఫారం ఇస్తారు. చెక్కు అందిన రోజే దాని మీద తేదీ చూడండి. ఆ తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది, పంపిణీ సభ ఆలస్యమై అందులో కొంత గడువు అప్పటికే అయిపోయి ఉండవచ్చు.

ప్రశ్న: ఆయన తాగుతాడు. ఇంటికి వచ్చే సర్కారు పైసలు ఆయన ఖాతాలోనే పడుతున్నాయి. అడిగితే కొడతాడు.
– ఒక పాఠకురాలు, ఊరు రాయలేదు

జవాబు: కొడుతున్నాడంటే డబ్బు కంటే ముందు మీ క్షేమం. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు, ప్రాణభయం ఉంటే 112. ఆయన ఖాతాను మార్పించమని ఇంట్లో అడగకండి, గొడవ పెరుగుతుంది. మీ పేర రావాల్సినవి మీ ఖాతాకే వచ్చేలా మీ ఆధార్‌ను మీ ఖాతాకు సీడింగ్ చేయించుకోండి. ఇంటికి దూరంగా ఉన్న శాఖలో తెరవండి, ఫోన్ నంబరు మీదో మీ తల్లిదో ఇవ్వండి. పాస్‌బుక్, కార్డు ఇంట్లో కాకుండా నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి. 

ప్రశ్న: ఆటో నడిపే మా అన్న 41 ఏళ్లకు గుండెపోటుతో పోయాడు. వదినకు, ఇద్దరు పిల్లలకు ఏమైనా సాయం వస్తుందా? ఆయన ఖాతా మూసేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: ఖాతా ఇప్పుడే మూయించకండి. ముందు గత రెండేళ్ల స్టేట్‌మెంట్ అడిగి తీసుకుని, మే, జూన్ నెలల్లో 436 రూపాయలో 20 రూపాయలో కట్ అయ్యాయేమో చూడండి. ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టించుకున్న బీమాలు అవి, ఇంట్లో ఎవరికీ తెలియవు. 436 జీవనజ్యోతి. ఏ కారణంతో పోయినా రెండు లక్షలు, కాబట్టి గుండెపోటుకూ వర్తిస్తుంది. 20 సురక్షా బీమా ప్రమాదానికే. ఈ బీమాల ఏడాది జూన్ 1 నుంచి మే 31 దాకా. మే ఆఖర్లో ఖాతాలో డబ్బు లేక కోత పడకపోతే బీమా ఆగిపోతుంది. ఆయన పోయిన రోజుకు అది నడుస్తోందా అన్నది ఆ ఒక్క పద్దు మీదే తేలుతుంది. ఉంటే అదే బ్యాంకు శాఖలో క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, నామినీ పాస్‌బుక్ ఇవ్వాలి. నెలలోపే ఇస్తే ప్రశ్నలు తక్కువ.

దీనికి తోడు జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 ఒకేసారి వస్తుంది. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల లోపు పోయినప్పుడు ఇచ్చేది. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు. జీహెచ్‌ఎంసీ మరణ ధ్రువపత్రం కనీసం ఐదు ప్రతులు తీసుకోండి, వితంతు పింఛన్‌కూ, ఆటో పర్మిట్ బదిలీకీ అవే కావాలి. ఆటో మీద ఫైనాన్స్ ఉంటే, ఆ అప్పుకు బీమా కట్టారేమో ఒప్పందం కాగితంలో చూడండి. రుణంలోనే ప్రీమియం కలిపి ఉంటారు, అడగనిదే చెప్పరు. మీ వదినకు సొంత ఖాతా లేకపోతే అది ఈ వారమే తెరిపించండి. ఇవన్నీ ఆ ఖాతాకే రావాలి, బావమరుదుల ఖాతాకో మీ ఖాతాకో కాదు.